చెవిదారిన వచ్చిన పాతాళ భైరవి



విజయా సంస్థ తీసిన 'పాతాళ భైరవి' 1951 మార్చి 15న విడుదలైంది. హైదరాబాద్ స్టేట్ భారతదేశంలో కలిసి అప్పటికి రెండున్నరేళ్లు. నిజామాబాద్ బజార్లో నిజాం నాణెం హాలీ సిక్కా, భారత ప్రభుత్వపు కల్దారు రూపాయి రెండూ చెల్లేవి. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు లెక్క. తెలంగాణ పల్లెల్లో సాయుధ పోరాటం ఇంకా ఆగలేదు. దాన్ని విరమించింది ఆ ఏడు అక్టోబర్‌లో. జాగీర్లు రద్దయి రెండేళ్లు కూడా కాలేదు. అటువంటి రోజుల్లో ఒక తోటమాలి కొడుకు రాజుగారి కళ్లలోకి చూసి మాట్లాడే సినిమా తెలుగు వాళ్ల ముందుకు వచ్చింది.

మాది నిజామాబాద్ జిల్లా ఇందల్వాయి. అడవి, ఘాటు, రైలు స్టేషను, జాతీయ రహదారి ఉన్న ఊరు. చుట్టుపక్కల పల్లెల్లో పెద్ద వయసు వాళ్లతో కూర్చుని సినిమాల మాట ఎత్తితే ఎక్కువగా వినబడే పేరు 'పాతాళ భైరవి'. వాళ్లలో చాలామంది ఆ సినిమాను తెరమీద చూసినవాళ్లు కాదు. కథ మాత్రం మొదటి నుంచి చివరిదాకా చెప్తారు. నేపాళ మాంత్రికుడు ఎక్కడ గొంతు పెంచుతాడో, ఎక్కడ మెత్తగా పలుకుతాడో కూడా చేసి చూపిస్తారు. చూడకుండానే ఇంత ఎలా తెలిసింది? ఇవాళ నేను చెప్పదలచుకున్నది దాని గురించే. ఈ సినిమా మన ప్రాంతానికి కంటికన్నా ఎక్కువగా చెవి ద్వారా చేరింది.

ముందు సినిమా ఎలా పుట్టిందో కొంచెం చెప్పాలి.

బి. నాగిరెడ్డి, చక్రపాణి కలిసి విజయా ప్రొడక్షన్స్ పెట్టి తీసిన మొదటి సినిమా 'షావుకారు'. 1950లో వచ్చింది. ఎల్.వి. ప్రసాద్ దర్శకుడు. మంచి సినిమా అని అందరూ మెచ్చుకున్నారు, పైసలు మాత్రం రాలేదు. రెండో సినిమాకు కె.వి. రెడ్డిని పిలిచారు. తాడిపత్రి మనిషి. అప్పటికే 'భక్త పోతన', 'యోగి వేమన', 'గుణసుందరి కథ' తీసి ఉన్నారు. చేతిలో స్టాప్‌వాచీ పట్టుకుని ప్రతి సీనుకూ నిమిషాలు, సెకన్లు లెక్క కట్టి, ఫిల్ము ఎన్ని అడుగులు పడుతుందో ముందే రాసుకునే దర్శకుడాయన. ఆయనకు రచయితగా పింగళి నాగేంద్రరావు దొరికారు. మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన కాశీ మజిలీ కథల నుంచి కొంత, అరేబియా వాళ్ల అల్లావుద్దీన్ దీపం కథ నుంచి కొంత తీసుకుని, ఉజ్జయినిలో జరిగే తెలుగు కథ ఒకటి అల్లారు.

కథ మీకందరికీ తెలిసిందే. రాకుమారి ఇందుమతిని ప్రేమించిన తోటరాముణ్ణి రాజు తనతో సమానమైన సంపద తెచ్చి చూపించమంటాడు. సాహసవంతుడైన యువకుణ్ణి బలిచ్చి పాతాళ భైరవి ప్రతిమ సంపాదించాలని చూసే నేపాళ మాంత్రికుడికి ఆ రాముడే చిక్కుతాడు. గుహలోని కొలనులో మొసలిని చంపితే అది శాపం తీరిన అప్సరసగా మారి మాంత్రికుడి పన్నాగం బయటపెడుతుంది. రాముడు మాంత్రికుణ్ణే బలిచ్చి ప్రతిమను దక్కించుకుంటాడు. అక్కడితో సినిమా అయిపోవాలి. కానీ పింగళి గారు అక్కడే అసలు కథ మొదలుపెట్టారు. శిష్యుడు సదాజప మాంత్రికుణ్ణి బతికించుకోవడం, రాజుగారి బావమరిది చేతులమీదుగా ప్రతిమ మాంత్రికుడికి చేరడం, రాకుమారితో సహా మేడ మాయం కావడం, చివరికి మాంత్రికుడి శక్తి అంతా గడ్డంలో ఉందని తెలుసుకుని, మంచి మాటలతోనే దాన్ని గీయించడం! గెలుపు కత్తితో కాకుండా మంగలి పనితో రావడం అనే ఆ ఊహ నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

రాముడి వేషానికి మొదట అక్కినేని నాగేశ్వరరావును అనుకున్నారట. వాహినీ స్టూడియో ఆవరణలో నాగేశ్వరరావు, రామారావు టెన్నిస్ ఆడుతుంటే, దెబ్బ తప్పినప్పుడు రామారావు చూపించిన కసి చూసి కె.వి. రెడ్డి మనసు మార్చుకున్నారని చెప్పుకుంటారు. మాంత్రికుడి వేషానికీ ముందు వేరే పేరే వినబడింది. అది ఎస్.వి. రంగారావుకు వచ్చింది. అప్పటికి ఆయన వయసు ముప్ఫై రెండేళ్లు! ఆ గడ్డం వెనక, ఆ కనుబొమల వెనక ఉన్నది అంత చిన్నవాడని ఎవరనుకుంటారు?

మార్కస్ బార్ట్‌లే కెమెరా గురించి పండితులు ఎన్నో రాశారు. కంప్యూటర్లు లేని కాలం. ఫ్రేములో సగం మూసి ఒకసారి తీసి, ఫిల్మును వెనక్కి తిప్పి, మిగతా సగం మళ్లీ తీయాలి. రెండింటి మధ్య గీత కనబడిందా, చేసిన పనంతా మళ్లీ చేయాల్సిందే. లండన్ ఫిల్మ్స్ 1940లో తీసిన 'థీఫ్ ఆఫ్ బాగ్దాద్' రంగుల్లో, కావలసినంత డబ్బుతో చేసిన మాయలను వీళ్లు నలుపు తెలుపులో, వడపళని స్టూడియోలో చేశారు. మాధవపెద్ది గోఖలే, కళాధర్ వేసిన సెట్లు ఆ వెలుగునీడల్లో నిజమైన గుహల్లాగే ఉంటాయి.

అయితే నేను మొదట చెప్పిన సంగతికి వస్తాను. ఈ సినిమాకు బొమ్మ ఎంత గొప్పదో, శబ్దం అంతకన్నా గొప్పది.

రంగారావు గొంతు వినండి. మాంత్రికుడు మాటను ఒక్కసారిగా వదిలిపెట్టడు. ముందు మాట నెమ్మదిగా తీసి, చివరి అక్షరాన్ని లాగి, ఆగి, మళ్లీ అందుకుంటాడు. 'డింభకా' అన్న ఒక్క పిలుపులో ముద్దు ఉంది, ఎర ఉంది, కత్తి కూడా ఉంది. కళ్లు మూసుకుని విన్నా మనిషి ఎదురుగా నిలబడ్డట్టే ఉంటుంది. ఆ పక్కనే పద్మనాభం సదాజప, బాలకృష్ణ అంజిగాడు, రేలంగి రాజుగారి బావమరిది. ఎవరి గొంతు వాళ్లదే, ఒకరిని చూసి ఇంకొకరనుకునే వీలు లేదు. పాతాళ భైరవి అమ్మవారిగా గిరిజ పలికిన 'నరుడా' అన్న పిలుపు వేరే లోకం నుంచి వచ్చినట్టుంటుంది. వీళ్ల మధ్య ఘంటసాల సంగీతం. ఇంకా ఒక గొంతు ఉంది, రాముడి తల్లిది. దాని సంగతి చివర్లో చెప్తాను.

ఇక ఈ సినిమా మన దగ్గరికి ఎలా వచ్చిందో చూద్దాం.

విడుదల అంటే ఇవాళ్టి విడుదలలాగా అనుకోవద్దు. ఇప్పుడైతే అన్ని ఊళ్లలో ఒకేసారి పడుతుంది. అప్పుడు ప్రింట్లు కొన్నే ఉండేవి. పెద్ద ఊళ్లలో ఆడి, గీతలు పడి, అక్కడక్కడా అతుకులు పడ్డాక చిన్న ఊళ్లకు వచ్చేవి. మూడుంపావు గంటల సినిమా ఇది. నిమిషానికి తొంభై అడుగుల లెక్కన పదిహేడు వేల అడుగులు దాటిన ఫిల్ము. ఒక్కో రీలు సుమారు వెయ్యి అడుగులు. రేకు డబ్బాల్లో పెట్టి, ఆ డబ్బాలను ఇనుప పెట్టెల్లో పెట్టి రైల్లో పంపాలి. ఆనాటి ఫిల్ములు ఎక్కువగా నైట్రేట్‌వి. నిప్పు తగిలితే భగ్గుమంటాయి, నీళ్లు పోసినా ఆరవు. అందుకే మన దేశంలో 1918లో వచ్చిన మొదటి సినిమా చట్టంలో కథల సంగతి ఎంత ఉందో అగ్నిప్రమాదాల సంగతి కూడా అంత ఉంది. ఆపరేటర్ గదికి ఇనుప తలుపు, గోడలో చిన్న కిటికీకి పడే రేకు, పక్కన ఇసుక బకెట్లు, ఇవన్నీ దానివల్ల వచ్చినవే.

బెజవాడ వైపు నుంచి సికింద్రాబాద్ దాకా బ్రాడ్ గేజి. అక్కడి నుంచి మన మన్మాడ్ లైను అంతా మీటర్ గేజి. పెట్టె దిగాలి, ఇంకో బండి ఎక్కాలి. కామారెడ్డి, ఇందల్వాయి, డిచ్‌పల్లి, నిజామాబాద్. బోధన్ పోవాలంటే జానకంపేట దగ్గర మళ్లీ మారాలి. మన లైను బ్రాడ్ గేజి అయింది ఈ శతాబ్దంలోనే. అంటే రెండు తరాల పాటు మన జిల్లాకు వచ్చిన ప్రతి సినిమా ఈ సన్న పట్టాల మీదనో, లేకపోతే బస్సు టాపు మీదనో వచ్చింది. పెట్టె వెంట సినిమా కంపెనీ మనిషి ఒకడు. రిప్రజెంటేటివ్ అనేవాళ్లు. టికెట్ల లెక్క చూసి, డీసీఆర్ అనే రోజువారీ వసూళ్ల పట్టీ రాసి, రాత్రి రెండో ఆట అయ్యాక పెట్టె కట్టించి, పొద్దున బండికి ఎక్కించేవాడు. పెట్టె రాలేదంటే ఆట లేదు. తెర ముందు కూర్చున్న జనం రైలు కూత కోసం చెవులు నిక్కబొడుచుకునే రోజులు అవి.

నిజామాబాద్‌లో చాలా ఏళ్లు ఆపరేటర్‌గా పనిచేసిన ఒక పెద్దాయన దగ్గర ఆపరేటర్ గది సంగతులు అడిగి తెలుసుకున్నాను. లోపల దీపం అంటే బల్బు కాదు. రెండు కార్బన్ కడ్డీలు ఎదురెదురుగా. వాటి కొనలు ఒకసారి తాకించి విడదీస్తే మధ్యలో నిప్పు వెలుగు పుడుతుంది. ఆ సందు వేలి వెడల్పు కూడా ఉండదు. కడ్డీలు కాలుతూ అరిగిపోతుంటాయి, సందు పెరుగుతుంటుంది. నల్ల అద్దంలోంచి చూస్తూ మరతో కొంచెం కొంచెం ముందుకు జరుపుతూ ఉండాలి. ఆలస్యమైతే తెర పచ్చబడి, మసకబడి, కింద నుంచి ఈలలు మొదలవుతాయి. "మాంత్రికుడు గుహలో ఉన్నప్పుడు మసక వస్తే జనానికి తెల్వదు బిడ్డా, ఇందుమతి పాటప్పుడు వస్తే ఊరుకోరు" అన్నాడాయన. తెర పైన కుడి మూల చిన్న చుక్క మెరిస్తే రెండో మిషను మోటారు వేయాలి, మళ్లీ మెరిస్తే దానికి మార్చాలి. టూరింగ్ టాకీసులో మిషను ఒక్కటే. అందుకని ప్రతి రీలుకూ ఆట ఆగేది. ఆగినప్పుడు జనం చేసే పని ఒక్కటే, అప్పటిదాకా చూసింది మళ్లీ చెప్పుకోవడం. పక్కవాడు చెప్పేది వినడం. సినిమాలోని మాట మనుషుల నోళ్లలోకి ఎక్కింది ఆ విరామాల్లో కూడా అని నాకనిపిస్తుంది.

సినిమా వ్యాపారానికి మన ప్రాంతంలో ఒక లెక్క ఉండేది. పంట లెక్క. 1931లో నిజాంసాగర్ కట్టాక కాలువ కింద వరి, చెరుకు వచ్చాయి. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ మొదలైంది. కృష్ణా, గుంటూరు వైపు నుంచి వచ్చి కాలువల వెంట క్యాంపులు కట్టుకున్న రైతులు, ఫ్యాక్టరీ ఉన్న షక్కర్‌నగర్ కార్మికులు, ఉర్దూ, మరాఠీ మాట్లాడే వాళ్లు అందరూ ఒకే నేలమీద. శీతకాలమంతా చెరుకు బండ్లు. మార్చి వచ్చేసరికి గానుగాట తగ్గి, చెరుకు పైసలు, పసుపు పైసలు చేతిలో ఆడేవి. అప్పుడు మంచి సినిమా పడితే బండ్లు కట్టుకుని వచ్చేవాళ్లు. నేల, బెంచీ, కుర్చీ. ఆడవాళ్లకు వేరుగా తెర వైపు. తెలుగు రానివాళ్లు కూడా 'పాతాళ భైరవి' వంటి సినిమా చూడగలరు. కథ అంత ముఖానికి కొట్టినట్టుంటుంది. హైదరాబాద్ స్టేట్‌లో ఆనాడు చదువొచ్చినవాళ్లు నూటికి పదిమంది కూడా లేరు. గుహ, మొసలి, ప్రతిమ, ఎగిరే మేడ అర్థం కావడానికి ఏ చదువూ అక్కరలేదు.

చదువుకన్నా ముందునుంచీ మన వాళ్లకు మాయలతో పరిచయం ఉంది. ఒగ్గు కథలో ఉంది, చిందు భాగవతంలో ఉంది. మన జిల్లా గర్వంగా చెప్పుకునే చిందు ఎల్లమ్మ మగవేషం కట్టి రాజులను, రాక్షసులను ఆడి చూపించిన ఊళ్లు ఇవి. సురభి నాటక కంపెనీలు గుడారం వేసి తీగల మీద మనుషులను ఎగరేసిన ఊళ్లు. ఆ జనానికి మాంత్రికుడు కొత్తవాడు కాదు. తోటరాముడే కొత్తవాడు. రాజు ముందు తల వంచని పేదవాడు. మా పొరుగునే సిర్నాపల్లి గడి ఉంది, శీలం జానకీబాయి ఏలిన సంస్థానం. గడి ముందు చెప్పులు చేతపట్టుకుని నడిచిన తాతలకు ఆ కుర్రాడి మాటతీరు ఎలా తగిలి ఉంటుందో ఊహించండి.

సిర్నాపల్లి అనగానే జలపాతం గుర్తొస్తుంది. వానాకాలంలో నీళ్లు దూకేటప్పుడు చూడాలి దాన్ని. ఆ నీటి తెర వెనక గుహ ఉందని, అందులో భైరవి ఉందని మా చిన్నప్పుడు మేం గట్టిగా నమ్మినవాళ్లం. సినిమా చూడకముందే నమ్మాం. ఎందుకంటే కథ అప్పటికే విన్నాం.

ఎలా విన్నాం? ఇక్కడే రేడియో వస్తుంది.

నిజాం కాలంలో హైదరాబాద్‌లో 'దక్కన్ రేడియో' ఉండేది. 1950 ఏప్రిల్ 1 నుంచి అది ఆకాశవాణి అయింది. మరుసటి ఏడు 'పాతాళ భైరవి' పాటలు 78 ఆర్‌పీఎం రికార్డుల మీద వచ్చాయి. ఒక్కో పక్క మూడు నిమిషాల చిల్లర. కానీ 1952లో బి.వి. కేస్కర్ సమాచార, ప్రసార శాఖ మంత్రి అయ్యాక ఆకాశవాణిలో సినిమా పాట దాదాపు ఆగిపోయింది. శాస్త్రీయ సంగీతం బతకాలని ఆయన పట్టుదల. ఆ పట్టుదల వెనక మంచి ఉద్దేశమే ఉంది. అయితే జనం చెవులు ఊరుకుంటాయా? ముల్లును రేడియో సిలోన్ వైపు తిప్పారు. అక్కడి తెలుగు కార్యక్రమాల్లో మీనాక్షి పొన్నుదొరై గొంతు తెలియని ఇల్లు ఉండేది కాదు ఆ రోజుల్లో. మన దేశపు పాట సముద్రం దాటి సిలోన్ పోయి, అక్కడి నుంచి షార్ట్‌వేవ్‌లో గరగరలాడుతూ మన పల్లెకు రావడం అంటే ఎంత దూరం తిరిగి వచ్చినట్టు! 1957 అక్టోబర్ 3న వివిధ భారతి మొదలయ్యాక ఆ బాధ తీరింది.

తర్వాత వచ్చింది సంక్షిప్త శబ్ద చిత్రం. నా వరకు ఈ సినిమాను మన పల్లెలకు చేర్చిన పెద్ద దారి ఇదే. మూడు గంటల సినిమాలోని మాటలను, పాటలను ఏరి, గంటకు కుదించి, మధ్యలో ఎక్కడ ఏం జరుగుతుందో ఒకరు చెప్తూ వినిపించేవారు. ఆదివారం మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఒక ఇంటి అరుగు మీద రేడియో పెడితే వాడ మొత్తం చేరేది. బీడీలు చుట్టే ఆడవాళ్లు చేటలతో సహా వచ్చి కూర్చునేవాళ్లు. మన జిల్లాలో బీడీల పని సంగతి మీకు చెప్పనక్కరలేదు. కళ్లు ఆకు మీద, కత్తెర మీద. వేళ్లు తంబాకు మీద. ఖాళీగా ఉండేవి చెవులే. వాళ్లకు తెరమీద సినిమా చూసే తీరిక లేదు, వారానికోసారి రేడియో సినిమా మాత్రం చేతి పని ఆపకుండా అందేది. మాంత్రికుడు లోపలికి అడుగుపెట్టగానే కత్తెర చప్పుడు ఆగేది. రాముడు బయటపడ్డాక మళ్లీ అందరి కత్తెరలూ ఒకేసారి మొదలయ్యేవి. మొసలితో పోరాటంలో నీళ్ల చప్పుడే వినబడుతుంది, మొసలి కనబడదు. కాబట్టి ఎవరి మొసలి వాళ్లది. మా అవ్వ మొసలి నిజాంసాగరంత ఉండేదట. తెరమీద ఆ మొసలిని చూసిన ఎవరికీ అంత పెద్దది దొరికి ఉండదు.

ఆ తర్వాత క్యాసెట్లు. పెండ్లి అయితే మైక్‌సెట్ రావాల్సిందే. పందిట్లో స్తంభానికి, వేపచెట్టు కొమ్మకు హారన్లు కట్టేవాళ్లు. ముందు దేవుడి పాటలు, తర్వాత సినిమా పాటలు, పొద్దు గూకాక కథ క్యాసెట్. 'మాయాబజార్', 'పాతాళ భైరవి' మాటల క్యాసెట్లు లేని మైక్‌సెట్ అద్దెకు పోయేది కాదు. పక్క ఊళ్లో పెండ్లి అయినా పొలంలో ఉన్నవాడికి మాంత్రికుడు వినబడేవాడు. గణపతి మండపాల దగ్గరా అంతే. రాత్రి కావలి ఉన్న పిల్లలకు ఆ క్యాసెట్ తోడు. రీళ్లు అరిగి, గొంతు సాగి వచ్చినా ఎవరూ పట్టించుకోలేదు. ఆ మాట ఎలా ఉండాలో అప్పటికే అందరికీ నోటికి వచ్చు.

మన దగ్గరికి ఇలా చేరుతుండగానే ఈ సినిమా బయటికి కూడా చాలా దూరం వెళ్లింది. 1951 మేలో తమిళంలో వచ్చింది. 1952 జనవరిలో బొంబాయిలో దేశపు మొట్టమొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవం జరిగితే రాజ్ కపూర్ 'ఆవారా', మరాఠీ 'అమర్ భూపాళీ', బెంగాలీ 'బాబ్లా' పక్కన మన 'పాతాళ భైరవి' కూడా ఆడింది. ఇటలీ నుంచి 'బైసికిల్ థీవ్స్' వచ్చిన పండుగ అది. సైకిలు పోగొట్టుకున్న రోము కార్మికుడు, రాకుమారిని కోరిన ఉజ్జయిని తోటమాలి కొడుకు ఒకే ఉత్సవంలో! అదే ఏడు జెమినీ వాసన్ దీన్ని హిందీలో విడుదల చేశారు. 1948లో 'చంద్రలేఖ'తో మద్రాసు సినిమాకు ఉత్తరాదిలో దారి వేసిన మనిషి ఆయన.

'పాతాళ భైరవి' దారిలో వచ్చిన జానపదాల సంగతి చెప్పాలంటే ఇంకో ప్రసంగం కావాలి. విఠలాచార్య తీసిన సినిమాలు, కోదాడ దగ్గరి గుడిబండ నుంచి వచ్చిన మన కాంతారావు కత్తి తిప్పిన సినిమాలు టూరింగ్ టాకీసులను ఎన్నో ఏళ్లు బతికించాయి. 

ఇప్పటి రోజులకు వస్తే, సినిమా వ్యాపారులు మన ప్రాంతాన్ని నేటికీ 'నైజాం' అనే పిలుస్తారు. నిజాం పోయి ఇన్నేళ్లయినా సినిమా లెక్కల పుస్తకంలో ఆయన రాజ్యం ఉంది. ఆ నైజాం పంపిణీలో పెద్ద పేరు మన నిజామాబాద్ దగ్గరి నర్సింగ్‌పల్లి మనిషిది. 2003లో 'దిల్' తీసి దిల్ రాజు అయిన వెంకటరమణారెడ్డి గారు. ఆ సినిమా హీరో నితిన్‌ది కూడా నిజామాబాదే. 2015 జూలై 10న 'బాహుబలి' మొదటి భాగం వచ్చినప్పుడు నైజాంలో దాన్ని జనం ముందుకు తెచ్చింది దిల్ రాజు సంస్థే. రైలు పెట్టెలు పోయాయి. సినిమా ఉపగ్రహం నుంచో, హార్డ్ డిస్కులోనో వస్తుంది. ఆటకు ముందు తాళంచెవి లాంటి అంకెల వరుస వస్తేనే మిషను తెరుచుకుంటుంది. 'బాహుబలి'లో శివుడు జలపాతం ఎక్కే ఘట్టం చూసి మా ఊరి పిల్లలు సిర్నాపల్లి వెళ్లి బండలు ఎక్కబోయారు. మేం గుహ వెతికాం, వీళ్లు పైకి ఎక్కారు. సాహసం అదే, దారి మారింది.

ఒక్క తేడా నన్ను బాధపెడుతుంది. సినిమా ఇవాళ వెయ్యి తెరల మీద ఒకేసారి వస్తుంది, మూడు వారాల్లో వెళ్లిపోతుంది. ఆ తర్వాత ఫోన్లో దొరుకుతుంది, నిజమే. అయితే ఫోన్లో ఎవరిది వాళ్లే చూస్తారు. పదిమంది కలిసి వినే అరుగు ఏది? చిన్న ఊళ్ల థియేటర్లు ఫంక్షన్ హాళ్లు, గోదాములు అయ్యాయి. షక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015 చివర మూతపడ్డాక బోధన్ బజార్లో సాయంత్రం సందడి తగ్గిందని అక్కడివాళ్లు చెప్తుంటారు. ఈ మధ్య పాత సినిమాలను కొత్తగా శుభ్రం చేసి మళ్లీ వేస్తున్నారు. 2025 మే 9న 'జగదేక వీరుడు అతిలోక సుందరి', అదే ఏడు అక్టోబర్ చివర రెండు భాగాలు కలిపిన 'బాహుబలి' అలా వచ్చాయి. ఎంతో సంతోషం. 'పాతాళ భైరవి'ని కూడా పెద్ద తెరమీద, నిజామాబాద్‌లో, బడి పిల్లలకు సగం టికెట్టుతో చూపించేవాళ్లు ముందుకు వస్తే బాగుండునని నా కోరిక. రంగారావు గొంతు హాలంతా నిండి వినబడాలి. ఫోన్ స్పీకర్‌లో అది సన్నబడిపోతుంది.

రాముడి తల్లి గొంతు గురించి చివర్లో చెప్తానన్నాను కదా. ఆ వేషం వేసింది సురభి కమలాబాయి. తెలుగులో మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతి ఆమే. 1932లో వచ్చింది. తెలుగు తెరమీద మాట్లాడిన తొలి కథానాయిక. ఆ సినిమా ప్రింటు ఇవాళ ఒక్కటి కూడా లేదు. ఆమె గొంతు ఎలా ఉండేదో ఆ సినిమా ద్వారా మనం వినలేం. 'పాతాళ భైరవి'లో కొడుకు కోసం తల్లడిల్లే తల్లిగా మాత్రం వినగలం. సురభి గుడారంలో పుట్టి పెరిగిన గొంతు అది. మైకులు లేని రోజుల్లో వెనక వరుసదాకా వినబడేలా పలకడం నేర్చిన గొంతు.

అందుకే చెప్తున్నాను. మీ ఇళ్లలో అటకల మీద, ట్రంకు పెట్టెల అడుగున పాత క్యాసెట్లు ఉంటే పాత సామాన్ల వాడికి వేయకండి. సినిమా మాటల క్యాసెట్లు ఉంటాయి. వాటి వెనక పక్క మీ తాత చెప్పిన కథో, అవ్వ పాడిన బతుకమ్మ పాటో రికార్డు చేసి ఉండొచ్చు. కథ క్యాసెట్ అరిగితే దాని మీదే ఇంటి గొంతులు ఎక్కించుకోవడం ఆ రోజుల్లో అలవాటు. ఎండ తగలని చోట, తేమ లేని చోట నిలువుగా పెట్టండి. స్పీకర్ పక్కన, టీవీ మీద పెట్టొద్దు, అయస్కాంతం దాన్ని చెరిపేస్తుంది. చాలా ఏళ్లుగా ఆడించనిదైతే ముందు ఆ చివరి నుంచి ఈ చివరిదాకా ఒకసారి మెల్లగా తిప్పి, ఆ తర్వాతే వినండి. బూజు తెల్లగా కనబడితే అసలు ఆడించొద్దు, తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. వినగలిగేది ఉంటే ఫోన్లోనో, కంప్యూటర్‌లోనో ఎక్కించి రెండు చోట్ల దాచండి. దాని మీద తేదీ, ఊరు, ఎవరి గొంతో రాయండి.